బడిలో ఒక బెంచ్ వైస్: పాలమూరు, నల్లగొండ పిల్లలకు యంత్రవిద్య ఎక్కడ మొదలవ్వాలి

పదో తరగతి ఫలితాలు వచ్చాక దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఏ నెట్ సెంటర్‌కు పోయినా ఒకటే దృశ్యం. మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్ ఉన్న ప్లాస్టిక్ కవరు చేతిలో పట్టుకుని ఒక పిల్లవాడు, పక్కన తండ్రో అన్నో. ఐటీఐ దరఖాస్తులో ట్రేడ్ ఎంచుకునే చోటికి రాగానే కంప్యూటర్ ముందున్న మనిషి "ఏది పెట్టమంటవు?" అని అడుగుతాడు. పిల్లవాడు తండ్రి మొహం చూస్తాడు. తండ్రి ఆ మనిషినే "ఏది మంచిగుంటది సార్?" అంటాడు. "ఎలక్ట్రీషియన్ పెట్టు, కరెంటు పని యాడికి పోయినా దొరుకుతది" అనో, "ఫిట్టర్ పెట్టు, రైల్వేల పనికొస్తది" అనో జవాబు వస్తుంది. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. రెండేళ్ల చదువు, ఆ తర్వాత ముప్పై ఏళ్ల బతుకు ఆ రెండు నిమిషాల మీద నడుస్తాయి.

ఫిట్టర్‌కూ టర్నర్‌కూ తేడా ఏమిటో ఆ పిల్లవాడికి తెలియదు. తెలియకపోవడం అతని తప్పు కాదు. పదేళ్లు బడికి పోయినా ఆకురాయి చేతబట్టలేదు, లోహాన్ని తిప్పుతూ కోసే లేత్ మీద ఇనుప కడ్డీ తిరుగుతుంటే చుట్టలు చుట్టలుగా రజను రావడం చూడలేదు, ఒక యంత్రం బొమ్మ చూసి అందులో ఏ గీత ఏ అంచో చెప్పమని ఎవరూ అడగలేదు. బీటెక్‌కు పోయే పిల్లల పరిస్థితీ ఇంతే. వాళ్లు మెకానికల్, ఈసీఈ మధ్య ఎంపికను ర్యాంకుకు వదిలేస్తారు.

పదమూడు నుంచి పదిహేనేళ్ల మధ్య ఈ ఖాళీ ఉంది. తయారీ, ఇంజినీరింగ్ పనులను బడి పిల్లలకు పరిచయం చేయడమంటే ఆ ఖాళీని పూడ్చడం. దీన్ని ఐటీఐకి చిన్న సైజు నకలు అనుకోవడం దగ్గరే చాలా పథకాలు దారి తప్పాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడిని ఫిట్టర్‌ను చేయనక్కర్లేదు, చేయకూడదు కూడా. ఆ వయసులో చేతికి రావాల్సింది కొలత, కంటికి రావాల్సింది బొమ్మ చదవడం, ఒంటికి అలవాటు కావాల్సింది యంత్రం దగ్గర మెలగాల్సిన తీరు. ఈ మూడూ వచ్చిన పిల్లలు తర్వాత ఏ ట్రేడ్‌కు పోయినా, ఏ కాలేజీకి పోయినా, చివరికి వ్యవసాయమే చేసినా నష్టపోయేది ఏమీ లేదు.

దక్షిణ తెలంగాణకు ఈ విషయం ఇప్పుడు ఎందుకు ముఖ్యమో చూడాలంటే హైవే వెంట ఒకసారి పోవాలి. బెంగళూరు దారిలో కొత్తూరు, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీల సెజ్. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమర రాజా లిథియం అయాన్ బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. అంతకు ముందు కుదిరిన ఒప్పందంలో చెప్పిన పెట్టుబడి 9,500 కోట్ల రూపాయలు. విజయవాడ దారిలో చౌటుప్పల్, దండుమల్కాపూర్ పారిశ్రామిక పార్కు. కింద మిర్యాలగూడ రైస్ మిల్లులు, హుజూర్‌నగర్, మట్టంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. ఒక తరం కిందట పాలమూరు లేబర్ అంటే దేశంలో ఏ ఆనకట్ట దగ్గరైనా తట్ట మోసే మనుషులు. ఆ తరం మనవళ్లకు ఊరి దగ్గరికే ఫ్యాక్టరీ వచ్చింది. కానీ గేటు దాటి లోపలికి పోయాక దొరికే పని ఏమిటని అడిగితే ఊళ్లలో వినబడే జవాబు ఎక్కువగా ప్యాకింగ్, లోడింగ్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ. ఆపరేటర్, మెయింటెనెన్స్ ఉద్యోగాలకు బయటివాళ్లు వస్తున్నారన్న ఫిర్యాదు పాతదే. స్థానికులకు ఇన్ని శాతం ఇవ్వాలని అడగడం న్యాయమే. అయితే గేజ్ రీడింగ్ తీసి లాగ్‌బుక్‌లో రాయగల చెయ్యిని బడి తయారు చేయకపోతే ఆ శాతం కూడా ప్యాకింగ్ దగ్గరే నిండిపోతుంది.

దేశం లెక్కలు కూడా ఇదే చెబుతాయి. 2020 జాతీయ విద్యా విధానం ఉదహరించిన 12వ పంచవర్ష ప్రణాళిక అంచనా ప్రకారం 19 నుంచి 24 ఏళ్ల మధ్య పనిచేసేవాళ్లలో పద్ధతి ప్రకారం వృత్తి విద్య నేర్చినవారు మన దేశంలో 5 శాతం లోపే. అమెరికాలో 52 శాతం, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96. 2025 నాటికి బడి, కాలేజీ పిల్లల్లో కనీసం సగం మందికి వృత్తి విద్య పరిచయం కావాలని ఆ విధానం గడువు పెట్టింది. 6 నుంచి 8 తరగతుల మధ్య ఎప్పుడో ఒకప్పుడు పది రోజులు బ్యాగు లేకుండా బడికి వచ్చి, ఊళ్లోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి వాళ్ల దగ్గర పని చూడాలని చెప్పింది. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పనిని మూడు రకాలుగా విడగొట్టింది: మొక్కలు, పశువులతో చేసే పని, యంత్రాలు, పదార్థాలతో చేసే పని, మనుషులకు చేసే సేవ. కాగితం మీద విధానానికి వంక పెట్టడానికి లేదు. పది రోజుల్లో పరిచయం జరుగుతుంది, కానీ చెయ్యి తిరగదు. చెయ్యి తిరగడానికి కావాల్సింది ఏడాది పొడుగునా వారానికి రెండు పీరియడ్లు, ఒక గది, ఆ గదిలో కొన్ని వస్తువులు.

ఆ గదిలో ఏం జరగాలో దగ్గరగా చూద్దాం. గట్టి బల్ల, దానికి బిగించిన బెంచ్ వైస్, అంటే ముక్కను కదలకుండా పట్టే ఇనుప పట్టుడు. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీ నుంచి హాక్‌సా బ్లేడుతో 52 మిల్లీమీటర్ల ముక్క కోయాలి. దాన్ని ఆకురాయితో రుద్ది కోసిన అంచులు సాపుగా, నాలుగు మూలలూ లంబకోణంగా ఉండే 50 మిల్లీమీటర్ల చదరం చేయాలి. ఇంతే పని. ఐటీఐలో ఫిట్టర్ చదివేవాళ్లు మొదట్లో చేసే అభ్యాసం ఇలాంటిదే. చెప్పడానికి ఒక వాక్యం, చేయడానికి పిల్లలకు రెండు మూడు వారాల పీరియడ్లు పడుతుంది.

మొదటి రోజే పిల్లలకు తెలిసేది ఏమిటంటే ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు నొక్కితే దాని పళ్లే అరుగుతాయి. రెండోది, చెయ్యి ఊయలలా ఊగితే అంచు సాపు కాదు, నడుమ ఉబ్బి రెండు చివరలూ కిందికి దిగుతాయి. ఆ సంగతి కంటికి కనబడదు. మూల సరిచూసే గుణియా తెచ్చి అంచు మీద ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే కనబడుతుంది: గుణియాకూ ఇనుముకూ మధ్య సన్నటి వెలుగు గీత. ఎక్కడ వెలుగు రావడం లేదో అక్కడ ఇంకా ఎత్తు ఉందన్నమాట, అక్కడ రుద్దాలి. మళ్లీ చూడాలి, మళ్లీ రుద్దాలి. ఆకురాయి పళ్ల మధ్య రజను ఇరుక్కోకుండా చాక్‌పీస్ పూస్తారు. బడిలో చాక్‌పీసులకు కొదవ లేదు.

లంబకోణం తొంభై డిగ్రీలని పిల్లలకు ఆరో తరగతి నుంచీ తెలుసు. తొంభైకి ఒక డిగ్రీ తక్కువైతే ఏమవుతుందో ఆ వెలుగు గీత చూసినప్పుడే తెలుస్తుంది. తప్పును ఎవరూ ఎర్ర పెన్నుతో కొట్టేయనక్కర్లేదు, వస్తువే చెబుతుంది. ఎక్కువ రుద్ది 49కి దిగితే మళ్లీ 50 చేయడం ఎవరివల్లా కాదు, కొత్త ముక్క కోసుకోవాల్సిందే. కాబట్టి పరీక్షలో కొట్టివేసి పక్కన రాసినట్టు ఇక్కడ కుదరదు. కోసే ముందు రెండుసార్లు కొలిచే అలవాటు ఇలా వస్తుంది, ఉపన్యాసంతో రాదు.

తర్వాత వెర్నియర్ కాలిపర్స్. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో అందరూ దీన్ని పట్టుకుంటారు, రికార్డులో కనీసపు కొలత 0.01 సెంటీమీటర్ అని రాస్తారు, పరీక్ష అయిపోగానే మరిచిపోతారు. వర్క్‌షాపులో వాడేది 0.02 మిల్లీమీటర్ల కాలిపర్. దాన్ని ఎనిమిదో తరగతి పిల్లల చేతికిచ్చి ఒక పాత బేరింగ్ కొలవమంటే చదువు ఎలా మారుతుందో చూడొచ్చు. బేరింగ్ మీద 6204 అని చెక్కి ఉంటుంది. లోపలి రంధ్రం కొలిస్తే 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, మందం 14. ఇంకో బేరింగ్ 6205. లోపల 25. చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే షాఫ్ట్ సైజు వస్తుందని ఒకరిద్దరు పిల్లలు తామే పట్టుకుంటారు. అప్పుడు 6203 ఇవ్వాలి. లెక్క ప్రకారం 15 రావాలి, కొలిస్తే 17. సూత్రం 04 నుంచి పైకి మాత్రమే పనిచేస్తుంది. పిల్లలు ఊహించారు, కొలిచి సరిచూసుకున్నారు, ఊహకు హద్దు ఎక్కడో కనిపెట్టారు. సైన్స్ పుస్తకం మొదటి పాఠంలో శాస్త్రీయ పద్ధతి అని చెప్పేది దీన్నే. ఏ మెకానిక్ షెడ్డులోనైనా అరిగిపోయిన బేరింగులు డబ్బా నిండా పడి ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు.

ఈ ప్రాంతానికి ఇంకో పెద్ద పాఠశాల ఉంది, బోర్లు. నల్లగొండ, నాగర్‌కర్నూల్ ఊళ్లలో బోరు మోటారు కాలిపోవడం ఏ ఇంటికీ కొత్త కాదు. మోటారు పైకి తీయించడానికి, వైండింగ్ చేయించడానికి అయ్యే ఖర్చు రైతు ఇంట్లో పిల్లలందరికీ తెలుసు. మోటారు ఎందుకు కాలిందో మాత్రం తెలియదు. మండల కేంద్రంలో ఏ వైండింగ్ షాపుకు పోయినా కాలిన రాగి తీగలు కత్తిరించి బయటపడేసి, ఖాళీ స్టేటర్ (మోటారులో కదలని బయటి భాగం) గాడుల్లో కొత్త తీగ చుట్టలు దిగేస్తూ కనబడతారు. ఎన్ని చుట్లు, ఏ గేజ్ తీగ అన్నది నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుంటారు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు ఆగకుండా మూలుగుతూ తిరిగితే, మిగిలిన రెండు ఫేజుల మీద భారం పడి వాటిలో కరెంటు పెరిగి తీగ మీది ఇన్సులేషన్ మాడిపోతుంది. కాలిన వైండింగ్‌లో ఏ ఫేజు చుట్టలు నల్లబడ్డాయో చూసి పాత మెకానిక్ కారణం చెబుతాడు. మోటారు మీద 5 హెచ్‌పీ అని ఉంటే 746తో గుణించి 3,730 వాట్లు. హెచ్‌పీకి ఒకటిన్నర ఆంపియర్ చొప్పున స్టార్టర్ మీది మీటర్ ఏడున్నర దగ్గర చూపించాలన్నది వాళ్ల నోటి లెక్క. పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుత్ ప్రవాహం, విద్యుదయస్కాంతత్వం అని రెండు పాఠాలున్నాయి. వాటిలో ఉన్నదంతా ఆ షాపులో బల్ల మీద పరిచి ఉంది.

అక్కడి నుంచి కృష్ణ ఒడ్డుకు పోతే అదే విషయం ఇంకో కొలతలో కనబడుతుంది. కల్వకుర్తి ఎత్తిపోతలలో ఎల్లూరు దగ్గర ఒక్కో పంపు 30 మెగావాట్లు. పాలమూరు రంగారెడ్డి ఎత్తిపోతలలో నార్లాపూర్ దగ్గర 2023 సెప్టెంబర్ 16న తిప్పిన పంపు మోటారు 145 మెగావాట్లు. చేనులోని 5 హెచ్‌పీ మోటార్లు దాదాపు 39 వేలు కలిపితే ఆ ఒక్కదానికి సమానం. ఈ భాగహారం పిల్లలే చేయాలి. అక్కడా స్టేటరే, దాని లోపల తిరిగే రోటరే, మూడు ఫేజులే. ఇంటి మోటారు అర్థమైన పిల్లకు ఆ పంపుహౌస్ గుడిలో దేవుడిలా దూరంగా నిలబడి చూసే వస్తువు కాదు. రేపు అందులో షిఫ్ట్ డ్యూటీ చేయగల చోటు.

భద్రత గురించి మాట్లాడకుండా పిల్లలను యంత్రం దగ్గరికి పంపకూడదు. భద్రత అంటే గోడకు అతికించిన పోస్టర్ కాదు, కొన్ని ఖచ్చితమైన అలవాట్లు. డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర చేతికి గ్లౌజులు వేసుకోకూడదు. పెద్దవాళ్లు కూడా పొరబడే విషయమిది. తిరిగే డ్రిల్ బిట్టు గుడ్డ కొసను పట్టుకుంటే చెయ్యి మొత్తం లాక్కుంటుంది. చున్నీ, వదులు చొక్కా చేతులు, విరబోసిన జుట్టు, మెడలో దారం అన్నింటికీ ఇదే సూత్రం. డ్రిల్ బిట్టును పట్టుకునే చక్ బిగించే తాళం చక్‌లోనే వదిలేసి స్విచ్ వేస్తే అది రాయిలా ఎగిరివస్తుంది. గ్రైండర్‌లో రాయికీ, ముందున్న ఆనుడు పట్టీకీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు, మించితే చేతిలో ముక్క లోపలికి జారి రాయి పగులుతుంది. వెల్డింగ్ వెలుగు సంగతి ఊరి పిల్లలకు బాగా తెలుసు. గేట్లు చేసే షెడ్డు ముందు నిలబడి చూసి, ఆ రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండితే నిద్రలేక ఏడ్చినవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. అది వేడి వల్ల కాదు, ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాల వల్ల. అందుకే మంట వెంటనే తెలియదు, కొన్ని గంటలు గడిచాక మొదలవుతుంది. కారణం తెలిసిన పిల్లలు తల తిప్పుకుంటారు, తమ్ముణ్ణి కూడా లాక్కుపోతారు.

బడిలో పని నేర్పాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు చెప్పే నయీ తాలీం ప్రతిపాదించారు. 1964–66 కొఠారి కమిషన్ పని అనుభవాన్ని పాఠ్యాంశం చేయమంది. ఒకప్పుడు హైస్కూళ్లలో క్రాఫ్ట్ టీచర్లు ఉండేవాళ్లు, చిత్రిక పట్టడం, కుట్టుపని నేర్పేవాళ్లు. వాళ్లు రిటైరయ్యాక చాలాచోట్ల ఆ గది సామాన్ల గదిగా మారింది. ఇప్పటి ప్రోగ్రెస్ రిపోర్టులో పని, కంప్యూటర్ విద్యకు ఒక గడి ఉంది. జనవరి వచ్చేసరికి ఆ పీరియడ్‌ను గణితమో ఇంగ్లిషో తీసుకుంటుంది, గడిలో గ్రేడు మాత్రం పడుతుంది. 2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ కింద టింకరింగ్ ల్యాబులకు ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చారు. బాగా నడిపిన బడులున్నాయి. అయితే త్రీడీ ప్రింటర్ తెచ్చి, దానికి వేసే ప్లాస్టిక్ తీగ అయిపోయాక గుడ్డ కప్పి బీరువా పక్కన పెట్టిన ఉదంతాలూ వినబడుతుంటాయి. ప్రింటర్ వద్దని కాదు. ఆకురాయి, గుణియా, కాలిపర్‌తో మొదలుపెట్టిన బడిలో ప్రింటర్ తర్వాతి మెట్టు అవుతుంది, ప్రింటర్‌తో మొదలుపెట్టిన చోట అది ప్రదర్శన వస్తువుగా మిగిలే ప్రమాదం ఎక్కువ. చెడిపోతే ఊళ్లోనే బాగుచేయించుకోగల పరికరాలతో మొదలుపెట్టడం మంచిది.

అన్నింటికన్నా కష్టమైన చిక్కు పరికరాలది కాదు, తల్లిదండ్రుల మనసులోని భయానిది. "మేం చేసిన కష్టమే వీళ్లూ చెయ్యాల్నా? చదువుకోనీకి పంపితే మళ్లా సుత్తె పట్టిస్తరా?" ఈ ప్రశ్న అడిగే హక్కు వాళ్లకుంది. జీతాలకు కుదిరిన పిల్లల జ్ఞాపకం ఈ జిల్లాల్లో ఇంకా పచ్చిగానే ఉంది. తాతలు దొర ఇంట్లో పశువులు కాసినవాళ్లు, తండ్రులు నాగార్జునసాగర్ నుంచి ముంబై దాకా రాళ్లు మోసినవాళ్లు. కొలిమి, ఉలి, మగ్గం అనగానే కులం గుర్తొచ్చే సమాజం ఇది. కమ్మరి కొడుకు కమ్మరి పనే చేయాలన్న పాత కట్టుబాటును బడి మళ్లీ వెనక దారిలో తెచ్చిపెడుతుందన్న అనుమానం ఊరికే పుట్టలేదు.

ఆ అనుమానానికి మాటలతో జవాబు చెప్పలేం, ఏర్పాటుతోనే చెప్పాలి. చదువులో వెనకబడినవాళ్లను ఏరి వృత్తి విద్యకు పంపితే ఆ భయం నిజమైనట్టే. తరగతిలో మొదటి ర్యాంకు పిల్ల, చివరి బెంచీ పిల్లవాడు ఒకే వైస్ దగ్గర వంతులవారీగా నిలబడాలి. డాక్టర్ కొడుకు చదివే ప్రైవేటు బడిలోనూ ఆకురాయి ఉండాలి. రెండోది, నేర్చుకోవడానికీ చాకిరీకీ మధ్య గీత స్పష్టంగా గీయాలి. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం, పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. పిల్లలు చేసిన వస్తువు షాపువాడు అమ్ముకునే సరుకు కాకూడదు. టీచర్ పక్కన లేకుండా పిల్లలను షెడ్డుకు పంపకూడదు. ఒకే పని పదిసార్లు చేయిస్తున్నారంటే అది నేర్పడం కాదు, చేయించుకోవడం. ఈ మూడు నియమాలను బడి గోడ మీద తెలుగులో రాసిపెడితే తల్లిదండ్రులు తామే తనిఖీ చేస్తారు.

ఆడపిల్లల విషయానికి ఇంకొంచెం ఎక్కువ శ్రద్ధ కావాలి. యంత్రం అనగానే మగపిల్లల పని అనుకునే ఇళ్లలోనే, పోచంపల్లి వైపు, అమ్మాయిలు గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కబెట్టి ఏ పోగుకు ఎక్కడ ముడి వేసి రంగు అద్దాలో చూసుకుంటారు. ఇక్కత్‌లో డిజైన్ నేత దగ్గర పుట్టదు, నూలు మీద ముందే కొలిచి కట్టిన ముడుల్లో పుడుతుంది. ఆ లెక్క చేయగల పిల్లకు కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లేత్ భాష కొత్తగా అనిపించదు. లేత్‌లో ఇరుసు పొడుగునా జెడ్ అక్షం, దానికి అడ్డంగా ఎక్స్ అక్షం. పనిముట్టు ఏ బిందువు నుంచి ఏ బిందువుకు కదలాలో అంకెల్లో చెప్పడమే ప్రోగ్రాం. తొమ్మిదో తరగతి నిరూపక జ్యామితి పాఠం ఇదే. లిథియం సెల్ తయారయ్యే గదుల్లో గాలిలో తేమ దాదాపు లేకుండా చూస్తారు, మనిషి ఒంటి చెమట కూడా లెక్కలోకి వస్తుంది. అక్కడ కండబలం కన్నా ఓపిక, శుభ్రత, రీడింగ్ తప్పకుండా రాయడం ముఖ్యం.

ఈ ప్రాంతంలో యంత్రవిద్య గురించి మాట్లాడుతూ చీర నూలును మేకుల చుట్టూ చుట్టే ఆసు యంత్రాన్ని వదిలేయలేం. పాత నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం చిన్న వయసులోనే బడి మానేసి మగ్గం మీద కూర్చున్నారు. తల్లి లక్ష్మి ఆసు పోసేవారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ కదలాలి. తల్లి భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం మొదలుపెట్టి, ముక్కలు ముక్కలుగా చేసుకుంటూ పోయి, 1999లో పూర్తి చేశారు. చివరి చిక్కు హైదరాబాద్ బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక చూశాక వీడింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటారు, నిజమే. అయితే దీన్ని ఇంకో వైపు నుంచి కూడా చదవాలి. ఆ ఏడేళ్లలో ఎంత కాలం, గేరు ఎలా పనిచేస్తుంది, తిరిగే కదలికను ముందుకూ వెనక్కూ కదిలేలా ఎలా మార్చాలి అన్న ప్రాథమిక విషయాలు ఒక్కడే వెతుక్కోవడానికి పోయిందో ఆలోచించాలి. క్యామ్, క్రాంకు అనే రెండు అట్టముక్కల నమూనాలు ఏడో తరగతిలో చేయించి ఉంటే ఎన్ని ఇళ్లలో ఎన్ని భుజాలు ఇంకా ముందే తెరిపిన పడేవో.

నేర్పేది ఎవరు అన్న ప్రశ్న మిగిలే ఉంది. సైన్స్ టీచర్‌కు వైస్ అలవాటు లేదు, ఊళ్లో మేస్త్రీకి డిగ్రీ లేదు. ఇద్దరినీ జతచేయడం తప్ప దగ్గరి దారి కనబడదు. పునాది ముగ్గు పోసేటప్పుడు పాలమూరు మేస్త్రీ ఒక తాడు మీద 3 అడుగులు, రెండో తాడు మీద 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా తాడు జరుపుతాడు. వస్తే మూల మట్టం. పైథాగరస్ పేరు అతను విని ఉండకపోవచ్చు. ఆ పేరు, ఆ నిరూపణ చెప్పడానికి లెక్కల సార్ పక్కనే ఉంటాడు. 3 కి 4 కి 5 మాత్రమే ఎందుకు, 6, 8, 10 పెట్టినా వస్తుందా అని పిల్లలు అడిగితే ఇద్దరూ కలిసి జవాబు చెప్పాల్సి వస్తుంది. మేస్త్రీకి ఆ రోజు కూలి ఇవ్వాలి, ఉచిత సేవ అడగకూడదు. బడి రిజిస్టర్‌లో అతని పేరు అతిథి ఉపాధ్యాయుడిగా రాయాలి.

పదో తరగతి తర్వాత తలుపులు ఇప్పుడు ముందుకన్నా ఎక్కువే ఉన్నాయి. ప్రభుత్వ ఐటీఐలు 65ను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. సీఎన్‌సీ మెషినింగ్, రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ లాంటి కోర్సులు వాటిలో ఉన్నాయి. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ ఈ ప్రాంతపు పాత యంత్రవిద్యాలయం. డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో బీటెక్ రెండో సంవత్సరంలోకి పోవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పదో తరగతి అర్హతతో టూల్, డై, మౌల్డ్ మేకింగ్ నాలుగేళ్ల డిప్లొమా ఉంది. ప్లాస్టిక్ బకెట్ నుంచి కారు విడిభాగం దాకా ప్రతిదానికీ మౌల్డ్, అంటే అచ్చు, కావాలి కాబట్టి ఈ చదువుకు గిరాకీ బాగుంటుంది. నల్లగొండ, పాలమూరు ఊళ్లలో దీని పేరు తెలిసిన ఇళ్లు తక్కువ. నెట్ సెంటర్‌లో అడిగే ప్రశ్నకు పిల్లలే జవాబు చెప్పాలంటే ఈ తలుపుల పేర్లు తొమ్మిదో తరగతిలోనే తెలియాలి, ఆ లోపల చేసే పని ఎలా ఉంటుందో అంతకు ముందే చేతికి తగలాలి.

బడి క్యాలెండర్ ఇక్కడి పనుల కాలాన్ని బట్టి వేసుకోవడం మరీ అవసరం. మార్చి నుంచి మే దాకా నీళ్లు అడుగంటి మోటార్లు వరసగా కాలుతుంటాయి, వైండింగ్ షాపువాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. వానలు పడ్డాక, ఆగస్టులో, వాళ్ల దగ్గర కూర్చుని చూపించే సమయం ఉంటుంది. మేస్త్రీలకు వానాకాలంలో పని సన్నగిల్లుతుంది, తాడు పట్టుకుని బడి ఆవరణలోకి రావడానికి అదే అదను. రైస్ మిల్లు చూడాలంటే మాత్రం దీపావళి దాటాలి. వడ్ల ట్రాక్టర్లు మిర్యాలగూడ రోడ్ల మీద బారులు తీరినప్పుడు పోవాలి. 1,440 చుట్లు తిరిగే మోటారుకు 4 అంగుళాల పుల్లీ, అవతల 12 అంగుళాల పుల్లీ ఉంటే అవతలి ఇరుసు ఎన్ని చుట్లు తిరుగుతుందో ఎనిమిదో తరగతి విలోమ అనుపాతంతో ముందే లెక్కగట్టి, 480 అని నోట్‌బుక్‌లో రాసుకుని పోవాలి. అక్కడ రెండు రబ్బరు రోలర్లు వేర్వేరు వేగాలతో తిరుగుతూ వడ్ల పొట్టు ఒలుస్తుంటాయి. సందు ఎక్కువైతే వడ్లు ఒలవకుండానే కిందికి దిగుతాయి, తక్కువైతే నూక పెరుగుతుంది. ఆపరేటర్ చక్రం కొద్దిగా తిప్పి, కిందపడే ధారలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, అరచేయి విప్పి ఒలవని గింజలు వేలితో పక్కకు తోస్తాడు. లెక్కబెడతాడు. మళ్లీ చక్రం కొద్దిగా తిప్పుతాడు.